శివారు చేను దావా

నేను ఎవరి మీద దావా వేశానో ఆయనా నేనూ ఒకే బస్సులో కోర్టుకి వెళ్ళేవాళ్ళం. మా ఊరి నుంచి టౌనుకి పొద్దున పూట ఒక్కటే బస్సు. అది తప్పితే ఆటో, ఆ ఆటో జనంతో పొర్లిపోయేదాకా కదలదు. వాయిదా ఉన్న రోజున స్కూలుకి సెలవు పెట్టి నేను స్టాపు దగ్గరికి చేరేసరికి, భుజాన తువ్వాలు, చంకలో కాగితాల సంచీతో ఆయన అప్పటికే నిలబడి ఉండేవారు. "రండి టీచరు గారూ, మీరు వస్తున్నారని డ్రైవరుతో చెప్పానండి, ఆపాడు" అనేవారు. నేను వాదిని, ఆయన ప్రతివాది. కిటికీ పక్క సీటు మాత్రం నాకే వదిలేసేవారు.

మా ప్లీడరు గారికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. "అవతలి పార్టీతో కలిసి దిగకండి మేడమ్. చూసినవాళ్ళు మీ దావా ఉత్తుత్తిదనుకుంటారు" అని ఒకసారి గట్టిగానే మందలించారు. నాకు ఒళ్ళు మండింది. అయితే ఇంకో బస్సు వేయించండి అన్నాను. నాకు నోటి దురుసు ఉందని మా ఇంట్లోనూ స్కూల్లోనూ అందరికీ తెలుసు, ఆ రోజుతో ఆయనకీ తెలిసింది.

మాది మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఊరు. పంటకాలువ నీళ్ళు చిట్టచివర అందేది మాకే. అందుకే మా భూముల్ని శివారు భూములంటారు. సార్వా పంట వానలతో ఎలాగో గట్టెక్కుతుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, మాత్రం కాలువ నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళు మా చేలోకి రావాలంటే పక్క చేను గట్టు వెంట ఉన్న బోదెలోంచి పారి రావాలి. బోదె అంటే చేల మధ్య నీరు నడిచే చిన్న కాలువ, ఓ మనిషి అంగ వేసి దాటేసేంత. ఆ పక్క చేను ఆయనది. వయసులో నాకంటే బాగా పెద్దవారు కాబట్టి బాబాయి గారూ అని పిలుస్తాను.

మా చేను ఒక్క ఎకరం. అది మా అమ్మ కొన్నది. మా అమ్మ ఊరందరి చేలలో కూలికి నాట్లు వేసి, కోతలు కోసి, గొర్రెలు పెంచి, చివరికి ఆ ఎకరం కొనుక్కుంది. మా పేటలో సొంత చేను ఉన్న మొదటి ఆడమనిషి ఆవిడే. ఆ ఏడు చర్చిలో కోత పండగనాడు తన చేలో పండిన ధాన్యం బస్తా తనే నెత్తిన పెట్టుకుని వెళ్ళిందట, ఎవరు సాయం పట్టబోయినా ఇవ్వలేదట. పోయేముందు ఆ చేను నా పేర రాస్తూ ఒక్కటే చెప్పింది, చేను చేనుగానే ఉంచమంది.

చేను చేనుగా ఉంచడం మా వైపు ఇప్పుడు అంత తేలిక కాదు. మా చేనికి రెండు పక్కలా రొయ్యల చెరువులు వచ్చేశాయి. ఒకసారి చెరువు తవ్వి ఉప్పునీరు పెడితే ఆ నేలలో మళ్ళీ వరి పండదు. బాబాయి గారు బోదె మూసేశాక మా చేను దాళ్వాకి బీడు పడింది. మురుగు కాలువకి ఇంజను పెట్టి తోడదామంటే ఆ నీళ్ళు ఉప్పన. కౌలుకి చేసేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఆ చెరువులు తవ్వించినాయన మాత్రం మానలేదు, చేను తనకిమ్మని నెలకోసారి ఫోన్ చేసి "ఏమాలోచించారండి మేడమ్ గారూ, ఊరికే ఎండబెట్టుకోవడం దేనికండి" అని మహా మర్యాదగా అడిగేవాడు. నీళ్ళు రాకపోతే చివరికి ఇవ్వక తప్పదని నాకూ తెలుసు. అందుకే దావా వేశాను.

అంతకుముందు పెద్దమనుషుల దగ్గర కూర్చున్నాం. వాళ్ళు బాబాయి గారిని సర్దుకోమన్నారు, ఆయన తల వంచుకుని విని, ఇంటికెళ్ళి సర్దుకోలేదు.

మా ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ మునసబు కోర్టనే అంటారు. బోర్డు మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అని ఉంటుంది. సినిమాల్లో చూసి కోర్టంటే ఏదో గొప్ప హాలు అనుకున్నాను, తీరా వెళ్తే మా స్కూల్లో ఐదో తరగతి గది అంత ఉంది. వరండాలో బెంచీల మీద జనం, గోడవార మోటారు సైకిళ్ళు, నల్ల కోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతున్న ప్లీడర్లు. గుమ్మంలో అటెండరు నిలబడి పేర్లు పిలుస్తాడు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే అంతే సంగతులు. మొదటి వాయిదాకి నా పేరు పిలిస్తే నేను అలవాటుకొద్దీ "ప్రెజెంట్" అన్నాను. ప్లీడర్లు నవ్వారు. బల్ల వెనక కూర్చున్న జడ్జి గారు తలెత్తి చూసి, నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకున్నారు.

జడ్జి గారు ఆడపిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు. కళ్ళజోడు, నున్నగా దువ్విన జడ, వినపడీ వినపడని గొంతు. ఈ పిల్లేం తీరుస్తుంది మా తగువు అనుకున్నాను మొదట్లో. ఆవిడ వింటుంది, రాసుకుంటుంది, వాయిదా వేస్తుంది. నాకు అంత ఓపిక లేదు. తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుని వస్తే నేను ఇద్దర్నీ చెరో మాటా అని కూర్చోబెట్టేస్తాను, అరనిమిషం పని. ఇన్ని వాయిదాలు దేనికని బస్సులో బాబాయి గారితోనే విసుక్కునేదాన్ని. ఆయన కూడా "అదేనండి" అనేవారు.

కొన్నాళ్ళకి కోర్టు వారు ఒక కమిషనర్ని వేశారు. కమిషనరంటే ఎవరో కాదు, ఈ దావాతో సంబంధం లేని ఇంకో ప్లీడరు. ఆయన చేను దగ్గరికి వచ్చి, బోదె ఉందా లేదా చూసి, కొలిచి, ఉన్నదున్నట్టు రాసి కోర్టుకి ఇవ్వాలి. ఆయన వచ్చేది మిట్టమధ్యాహ్నం అని తెలియగానే నాకు ఒకటే బెంగ పట్టుకుంది. భోజనం వేళకి మన చేనికొచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా ఎలా పంపిస్తాం? పెడితే తప్పు పడతారేమో. బాబాయి గారింట్లోనూ ఇదే తర్జనభర్జన జరిగిందట. ముందురోజు సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు.

"టీచరు గారూ, మా ఇంట్లో పెడితే మీ ప్లీడరు ఊరుకోడు. మీరు పెడితే మా వాడు ఊరుకోడు. పోనీ ఇద్దరం కలిపి పెట్టేద్దామండి, ఎవరూ ఏమీ అనడానికి ఉండదు."

ఇంత సబబైన మాట ఈ దావా మొదలయ్యాక నేను వినలేదు. అన్నం, కోడికూర నావి. పప్పు, ఆవకాయ, గడ్డపెరుగు వాళ్ళవి. ఆయన చేలో పశువుల పాక ఉంది, మా వైపు మకాం అంటాం. అక్కడ అరిటాకు వేసి కమిషనరు గారికి వడ్డించాం. ఆయన వద్దు వద్దంటూనే కూర్చున్నారు, కూర్చున్నాక మొహమాటపడలేదు. పెరుగన్నం అయ్యాక నులకమంచం మీద ఓ కునుకు కూడా తీశారు. లేచి, మొహం కడుక్కుని, టేపు పట్టి బోదె అంతా ఓపిగ్గా కొలిచారు. రిపోర్టు నాకు అనుకూలంగానే వచ్చింది. బోదె పాతది, మూసిన ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయని రాశారు.

ఇంకేముంది, ఈ దాళ్వాకి నీళ్ళొచ్చేస్తాయని సంబరపడ్డాను. ఇంతలో భోజనం సంగతి బాబాయి గారి ప్లీడరు చెవిన పడింది. వాది వండిన కూర తిన్న కమిషనరు రిపోర్టు చెల్లదని అభ్యంతరం దాఖలు చేశాడు. వాయిదా రోజున జడ్జి గారు మా ఇద్దర్నీ ముందుకి పిలిచారు.

"కమిషనరు గారికి భోజనం ఎవరు పెట్టారండి?"

"మేమిద్దరమేనండి" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"కూర ఎవరిది?"

"కూర టీచరు గారిదండి, పెరుగు మాదండి" అన్నారు బాబాయి గారు. తన ప్లీడరు కళ్ళతో సైగలు చేస్తున్నా చూడకుండా, "పక్షపాతం లేకుండా సగం సగం పెట్టామండి" అని కూడా చేర్చారు.

గదంతా నవ్వింది. బల్ల పక్కన కూర్చున్న టైపిస్టు కూడా చెయ్యడ్డం పెట్టుకుంది. జడ్జి గారు నవ్వు ఆగేదాకా ఆగారు.

"మీరిద్దరూ మంచి మనసుతోనే పెట్టారు, నాకు తెలుసు. రేపు ఇంకో దావాలో ఒక్కరే పెడతారు. అప్పుడు రెండోవాళ్ళు వచ్చి నన్ను అడుగుతారు. వాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదండీ" అన్నారు. రిపోర్టు కొట్టేశారు. వీలు చూసుకుని తనే స్వయంగా వచ్చి స్థలం చూస్తానని చెప్పి ఇంకో వాయిదా ఇచ్చారు.

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. అన్నం పెట్టడం కూడా నేరమేనా అని వరండాలో మా ప్లీడరు మీద ఎగిరాను. ఆ దాళ్వా కూడా చేను బీడుగానే ఉండిపోయింది. ఆదివారం చర్చిలో అందరూ లేచి నిలబడి పాడుతుంటే నేను కూర్చునే ఉన్నాను, గట్టు మీద ఎండిపోయిన గడ్డే కళ్ళముందు కనపడుతోంది. చెరువులాయన ఫోన్ చేస్తే ఆ నెల మొదటిసారి ఆలోచిస్తాను అన్నాను.

జడ్జి గారు అన్నమాట ప్రకారం వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచారు. వెనక ఇద్దరు ప్లీడర్లు, ఒక గుమాస్తా. గుమాస్తాకి చేలో నడక చేతకాక రెండుసార్లు బురదలో దిగబడ్డాడు. ఎండ మాడిపోతోంది. బాబాయి గారు ప్రాణం ఒప్పక కొబ్బరి బొండాలు దింపించి, చెక్కి, ఒకటి ఆవిడ చేతికి అందించబోయారు. ఆవిడ రెండు చేతులూ జోడించి వద్దన్నారు. సంచీలోంచి తన సీసా తీసుకుని నాలుగు గుక్కలు తాగారు. మా ప్లీడరు కూడా చూపు బొండం మీద పెట్టుకునే వద్దన్నాడు.

"మన చేలోకి వచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని ఇదే చూడ్డం" అన్నారు బాబాయి గారు నా పక్కకి వచ్చి, మొహం చిన్నబుచ్చుకుని.

"మనమే కోడికూరతో చెడగొట్టాం బాబాయి గారూ, ఇంక బొండం ఎక్కడ తాగుతారండి" అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. కోపం అక్కడే సగం తగ్గింది నాకు.

ఆవిడ మూసిన బోదె చూశారు. తర్వాత ఎవరూ చూపించని చోట కూడా వంగి చూశారు. బోదె పక్కనే బాబాయి గారు ఏటా నారు పోసే మడి ఉంది. ఆ పక్క గట్టు బాగా పల్లం. ఆవిడ ఆ గట్టు మీద కాసేపు నిలబడి, గుమాస్తాతో ఏదో రాయించి, మాతో ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆవిడకేం అర్థమైందో నాకు అర్థం కాలేదు.

తర్వాత సాక్ష్యాలు. నాది ముందు అయింది. నేను టీచర్ని కాబట్టి అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను. జడ్జి గారు ఆపలేదు. బాబాయి గారు బోనెక్కిన రోజున మా ప్లీడరు మంచి ఊపు మీదున్నాడు.

"బోదె మీ నాన్నగారి కాలం నుంచి ఉందా లేదా?"

"ఉందండి. కానీ..."

"చాలు. మూసింది మీరేనా?"

"నేనేనండి. కానీ ఎందుకంటే..."

"ఎందుకో నేను అడగలేదు. అవునో కాదో చెప్పండి."

బాబాయి గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఇది గెలుపు కబురే, నాకు సంతోషంగా ఉండాలి. ఆ మొహం చూస్తే మాత్రం ఎందుకో లేదు.

అప్పుడు జడ్జి గారు పెన్ను కింద పెట్టారు. "ఆయన ఏదో చెప్పబోతున్నారు. చెప్పనివ్వండి" అన్నారు.

మా ప్లీడరు కూర్చున్నాడు. బాబాయి గారు మొదట ప్లీడర్ల వైపు, తర్వాత నా వైపు చూసి, ఆవిడకేసి తిరిగి మొదలుపెట్టారు. దాళ్వా నీళ్ళు వదిలే వేళకి తన నారుమడిలో లేత నారు ఉంటుందట. బోదె నిండా నీళ్ళొస్తే పల్లపు గట్టు మీంచి పొర్లి మడిలో పడతాయట. రెండేళ్ళు వరసగా నారంతా కుళ్ళిపోయిందట. ఊరూరా తిరిగి ఎవరి దగ్గరో మిగిలిన ముదురు నారు తెచ్చి నాటుకున్నారట. పెద్దమనుషులతో చెప్పబోతే టీచరమ్మ ఆడమనిషి, సర్దుకో అన్నారట. ఇంట్లో కొడుకులతో చెబితే నీకు వయసైపోయి చాదస్తం పట్టింది అన్నారట. తన ప్లీడరేమో అసలు బోదే లేదని చెప్పమన్నాడట, అది మాత్రం చెప్పలేకపోయారట.

"టీచరు గారి చేను ఎండాలని నాకు లేదండి. ఆళ్ళమ్మగారు మా చేలో నాటు వేస్తుంటే చూసి నేర్చుకున్నోణ్ణండి నేను. నా నారు ఏమవుద్దో ఎవరూ ఆలకించట్లేదని మూసేశానండి."

జడ్జి గారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా అయ్యాక టైపిస్టు చేత కొట్టించి, దాన్ని మళ్ళీ తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించారు. "మీరు చెప్పింది ఇదేనా? ఏమైనా వదిలేశానా?" అని అడిగారు. ఆయన తల ఊపి, సంతకం పెట్టారు. తిరుగు బస్సులో కూర్చున్నవెంటనే నిద్రపోయారు. అంత ఆదమరిచి నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. మా స్టాపు వచ్చాక నేనే లేపాల్సి వచ్చింది.

తీర్పు రోజున గది కిక్కిరిసిపోయింది, మా కోసం కాదు లెండి, ఇంకేదో పెద్ద కేసుకి. జడ్జి గారు మాది క్లుప్తంగా చదివారు. బోదె మీద నాకు హక్కుంది, ప్రతివాది దాన్ని తెరవాలి. ఆ పల్లపు గట్టు ఎత్తు చేయించే బాధ్యత నాది, ఏటా నీళ్ళు వదలకముందే మరమ్మతు చేయించాలి. ఎవరి ఖర్చులు వాళ్ళవే. మొత్తం అయిపోయింది. "గెలిచాం మేడమ్" అన్నాడు మా ప్లీడరు. వరండాలో బాబాయి గారి ప్లీడరు కూడా అంతే హుషారుగా ఉన్నాడు. "అప్పీలు వేద్దామండి, స్టే తెచ్చేద్దాం, ఈ దాళ్వాకి చుక్క నీరు పోదు" అంటున్నాడు. బాబాయి గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. ఆ రోజు ఎవరో బంధువుల మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయారు.

గెలిచిన సంతోషం తిరుగు బస్సులోనే ఇగిరిపోయింది. స్టే అంటే ఇంకెన్ని దాళ్వాలో. చెరువులాయన సంగతి తెలిసి, "అప్పీళ్ళు ఎప్పటికి తేలతాయండి, నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పెయ్యండి" అన్నాడు. సరే నెలాఖరుకి చెబుతాను అన్నాను. చెబుతున్నప్పుడు మా అమ్మ ఫోటో వైపు చూడలేకపోయాను. బాబాయి గారింటికి వెళ్ళి అడుగుదామని రెండు మూడుసార్లు చెప్పులు తొడుక్కున్నాను. కోర్టులో గెలిచి గుమ్మంలోకి వెళ్ళి బతిమాలడమేంటని మళ్ళీ విప్పేశాను. వాయిదాలు లేవు కాబట్టి బస్సు స్టాపులోనూ కనపడరు. ఒకసారి ఏదో పని మీద టౌనుకి వెళ్తే ఆయన లేని బస్సులో నాకు బొత్తిగా తోచలేదు.

కాలువకి దాళ్వా నీళ్ళు వదిలారని తెలిసిన రోజున నేను స్కూల్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం దగ్గరుండి పెట్టిస్తున్నాను. గేటు దగ్గర బాబాయి గారు నిలబడి ఉన్నారు. కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద, చేతిలో పార.

"ఏంటి బాబాయి గారూ, ఇలా వచ్చారు?" అన్నాను.

"అప్పీలు సంగతి చెబుదామనండి. నిన్న మా ప్లీడరు దగ్గరికెళ్ళాను. సంతకాలు పెట్టమన్నాడు. పై కోర్టులో నన్ను మళ్ళీ బోనెక్కించి అడుగుతారా అండి అన్నాను. లేదు, అక్కడ సాక్షుల్ని పిలవరు, ఉన్న కాగితాలు చూసి మేమే వాదించుకుంటాం అన్నాడు."

"మరి?"

"మరింకెందుకండి అన్నాను. నేను చెప్పుకోవాల్సింది ఆ జడ్జి పాప గారు కూర్చుని విన్నారు. నా ముందే చదివి, ఏమైనా వదిలేశానా అని అడిగారు. అరవయ్యేళ్ళొచ్చాయి నాకు, ఆ మాట నన్నెవరూ అడగలేదండి ఇంతవరకూ. ఓడిపోయానంటే ఓడిపోయాను. పై కోర్టుకెళ్ళి నోరు మూసుకుని కూర్చోడానికి నేను రానని చెప్పేసి వచ్చేశాను." ఆయన పార ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "పొద్దున్నే బోదె తవ్వేశానండి. ప్రస్తుతానికి ఆ గట్టు మీద నేనే నాలుగు పారలు మట్టేశాను, మిగతాది మీరు చూసుకోండి. నీళ్ళు మీ చేలో పడుతున్నాయి."

మా హెడ్‌మాస్టరు గారిని అడక్కుండానే చేతిలో గరిట పక్కనున్న ఆయాకి ఇచ్చేసి బాబాయి గారి వెనక నడిచాను. మేం వెళ్ళేసరికి మా అమ్మ చేను సగం తడిసింది. నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే బుడబుడమని చప్పుడు వస్తోంది. గట్టు మీద నిలబడి హాయిగా ఏడ్చాను, బాబాయి గారు చూడనట్టు కాలువ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, అక్కణ్ణుంచే చెరువులాయనకి ఫోన్ చేసి, చేను ఇవ్వడం లేదండి, నాట్లు వేస్తున్నాం అని చెప్పాను.